పిల్లలతో పడవ మీద కాపురం పెట్టాలంటే ముందు నీళ్ల లెక్క రావాలి

మాది హన్మకొండ. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు. అక్కడి నుంచి వెళ్లి ఇద్దరు పిల్లలతో 38 అడుగుల తెరచాప పడవ మీద రెండు సీజన్లు కాపురం చేసి వచ్చాం, మలేషియాలోని లంకావి దీవికీ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కీ మధ్య తిరుగుతూ. అప్పుడు పాపకు 11 ఏళ్లు, బాబుకు 7. వచ్చినప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు కూడా ఫోన్ చేసి మేమూ వెళ్లాలనుకుంటున్నాం, ఎట్లా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

అందరూ మొదట అడిగేది తుఫాను గురించే. తుఫాను సంగతి క్యాలెండర్‌తో తేలిపోతుంది, ఏ నెలలో ఎక్కడ ఉండకూడదో తెలుసుకుని అక్కడ ఉండకపోతే చాలు, కింద రాస్తాను. రోజూ పొద్దున లేవగానే మనల్ని పట్టుకునే విషయాలు వేరు. తాగే నీళ్లు ఎన్ని మిగిలాయి, రాత్రి ఎవరు ఎంతసేపు పడుకున్నారు, బాబు మోకాలి మీద గీత నిన్నటికన్నా ఎర్రగా ఎందుకుంది. పడవ నడపడం మూడు నెలల్లో వస్తుంది. ఈ లెక్కలు రాకపోతే మాత్రం మూడు వారాల్లో ఇంటికి తిరిగి రావాలనిపిస్తుంది. నిజానికి ఇందులో మనకు కొత్తదనం ఏమీ లేదు, పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద బతికిన వాళ్ల పిల్లలం మనం. చెరువులో ఎంత నీరుందో చూసి ఎంత పొలం నాటెయ్యాలో తేల్చుకున్నారు మన పెద్దలు. పడవ మీద చేయాల్సింది అదే.

ముందు ఇక్కడ ఉండగానే చేయాల్సినవి

పడవ కొనడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. ముందు ఈత. మా బాపు నాకు బావిలో నడుముకు బెండ్లు కట్టి నేర్పాడు. పిల్లలకు స్విమ్మింగ్ పూల్లో నేర్పించాం, కానీ పూల్లో రెండు రౌండ్లు కొట్టడం వేరు, సముద్రంలో పడ్డప్పుడు కావాల్సింది వేరు. ఒంటి మీద బట్టలతో నీళ్లలోకి దిగి, పది నిమిషాలు కదలకుండా వెల్లకిలా తేలడం రావాలి, కంగారు పడకుండా. అది వచ్చేదాకా టికెట్లు తీసుకోకండి, పెద్దవాళ్లతో సహా.

తర్వాత తెరచాప. దీనికి సముద్రం దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్పే క్లబ్బులున్నాయి. పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ ఇస్తారు, రెండున్నర మీటర్లు కూడా ఉండదు, ఒక్కరే కూర్చుని నడపాలి. గాలి ఏ వైపు నుంచి వస్తోందో మెడ మీద చర్మంతో పట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది. మనలాంటి వాళ్లకు ఇవన్నీ ఎందుకు అనే మాట ఇంట్లో వస్తుంది, మా ఇంట్లోనూ వచ్చింది. అప్పుడు నేను చెప్పింది ఐఎన్ఎస్‌వీ తారిణి సంగతి. 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి 2018 మే నెలలో భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదే, లెఫ్టినెంట్ కమాండర్ స్వాతిది విశాఖ. మా అత్తమ్మ ఆ ఫోటోలు చూశాక అడ్డు చెప్పడం మానేసింది.

పెద్దవాళ్లిద్దరూ కోర్సు చేయాలి. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, భర్త నేర్చుకుని భార్య వంట చూసుకుంటే సరిపోతుందని అనుకునే వాళ్లను చాలామందిని చూశాను. ఆయనకు జ్వరం వస్తే పడవను లంగరు దాకా తెచ్చేదెవరు? బ్రిటన్‌లో సెయిలింగ్ శిక్షణ ఇచ్చే సంస్థ ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) వాళ్ల కాంపిటెంట్ క్రూ, తర్వాత డే స్కిప్పర్, ఒక్కోటి ఐదు రోజుల ప్రాక్టికల్. రేడియో కోర్సు కూడా చేయండి. ఇవన్నీ అయ్యాక కూడా వెంటనే కొనకుండా, ఒక వారం పడవను అద్దెకు తీసుకుని పిల్లలతో ఉండి చూడండి. ఆ వారంలో నాలుగో రోజు మీ ఇంట్లో వాళ్లు ఒకరితో ఒకరు ఎట్లా మాట్లాడుతున్నారో గమనిస్తే మీకే తెలుస్తుంది.

కొనేటప్పుడు నలుగురికి 36 నుంచి 42 అడుగుల మధ్య సరిపోతుంది. రెండు పడవలను పక్కపక్కన కలిపి కట్టినట్టుండే క్యాటమరాన్‌లో జాగా ఎక్కువ, ఊగడం తక్కువ, ధరా ఎక్కువే, మెరీనాలో (పడవలు కట్టేసుకునే రేవులో) అద్దె కూడా ఎక్కువే. ఏది తీసుకున్నా పడవలను పరీక్షించే సర్వేయర్‌తో చూపించకుండా డబ్బు కట్టకండి. ఏటా పడవ ధరలో పదో వంతు మరమ్మతులకు పోతుందని అందరూ అంటారు, మాకూ సుమారుగా అంతే అయింది.

నీళ్లు

మా పడవలో రెండు ట్యాంకులు, ఒక్కోటి 200 లీటర్లు. తాగడానికి, వంటకు, పళ్లు తోముకోవడానికి, ఒంటి మీది ఉప్పు కడుక్కోవడానికి అన్నీ కలిపి నలుగురికి రోజుకు 30 లీటర్లు దాటకుండా చూసుకున్నాం. లెక్క ప్రకారం 13 రోజులు రావాలి, మేం మాత్రం పది రోజులనే అనుకునేవాళ్లం.

మొదటి నెలలో ఒక రాత్రి సింకు కింద గొట్టం జాయింటు ఊడింది. ప్రెషర్ పంపు స్విచ్ వేసే ఉంది, రెండు ట్యాంకుల మధ్య వాల్వు నేనే తెరిచి పెట్టాను. పంపు తెల్లవార్లూ తిరిగి రెండు ట్యాంకులనూ పడవ అడుగున బిల్జ్‌లోకి పోసింది, బిల్జ్ పంపు దాన్నంతా సముద్రంలోకి తోసేసింది. పొద్దున కాఫీకని కుళాయి తిప్పితే గాలి. ఫ్రిజ్‌లో రెండు సీసాలు, బాబు బ్యాగులో అర సీసా, అంతే. ఊరున్న దీవి మూడు గంటల దూరంలో ఉంది కాబట్టి బయటపడ్డాం. ఆ రోజు నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాం, మీరు మొదటి రోజు నుంచే పెట్టుకోండి. పంపు స్విచ్ వాడినప్పుడే వేయాలి, పడుకునే ముందు తప్పకుండా తీసేయాలి. ట్యాంకుల మధ్య వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి, ఒకటి అయిపోయాకే రెండోది. 20 లీటర్ల క్యాన్లు మూడు నింపి విడిగా కట్టి పెట్టాలి, వాటిని దేనికీ ముట్టుకోకూడదు. వంటగది సింకుకు కాలితో తొక్కే పంపు పెట్టించుకుంటే ఇంకా మంచిది, తొక్కినంతే వస్తాయి కాబట్టి ఎవరూ చెప్పకుండానే పిల్లలు పొదుపు నేర్చుకుంటారు.

ట్యాంకుకు ఎలక్ట్రానిక్ గేజ్ ఉంటుంది, దాన్ని నమ్మకండి, పడవ ఒరిగినప్పుడల్లా ఒక్కో అంకె చూపిస్తుంది. మేం వెదురు పుల్ల చేసుకున్నాం. ఖాళీ ట్యాంకులో 20 లీటర్ల క్యాను పోయడం, పుల్ల ముంచడం, తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ చాకుతో గాటు పెట్టడం, మళ్లీ క్యాను. పది క్యాన్లకు పది గాట్లు. పాప ఆ పుల్లను పట్టుకుని చాలాసేపు చూసి, అమ్మా, కింది గాట్లు దూరదూరంగా ఉన్నాయి, పైవి దగ్గరదగ్గరగా ఉన్నాయేంటి అంది. పడవ అడుగు ఇరుకు, పైకి వచ్చేకొద్దీ వెడల్పు, ట్యాంకు కూడా ఆ ఆకారంలోనే ఉంటుంది. మన చెరువులూ అంతే, పైన ఒక్క అడుగు ఎత్తున పట్టే నీరు వేరు, అట్టడుగున అదే అడుగు ఎత్తున పట్టే నీరు వేరు. పుల్ల సగం తడిగా ఉందంటే సగం ట్యాంకు ఉన్నట్టు కాదని పిల్లలకు ఆ రోజే అర్థమైంది. రోజూ పొద్దున 7 గంటలకు పుల్ల ముంచి నోటుబుక్కులో రాయడం పాప పని. ఆ అంకె చూడకుండా ఆ రోజు ఎక్కడికి పోవాలో మేం నిర్ణయించేవాళ్లం కాదు.

స్నానం సముద్రంలోనే. దిగి, షాంపూతో రుద్దుకుని (చాలా షాంపూలు ఉప్పు నీళ్లలోనూ నురగ వస్తాయి), పైకొచ్చి ఒక్కసారి మంచినీళ్లతో ఉప్పు కడుక్కోవాలి. దీనికి మంచి సాధనం మన పత్తి చేలల్లో మందు కొట్టే చేతి స్ప్రే పంపు. కొత్తది కొనండి, మందు తగిలింది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వరంగల్‌లో విత్తనాల దుకాణంలో 5 లీటర్లది కొని సూట్‌కేసులో పెట్టుకుపోయాం. ఎండలో పెడితే నీళ్లు వెచ్చబడతాయి, మనిషికి లీటరున్నర సరిపోతుంది, పొడవు జుట్టుకు రెండు. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి ఆఖరున అదే స్ప్రేతో కడగొచ్చు. రేవుల దగ్గర, ఊరి మురుగు కలిసే చోట మాత్రం సముద్రపు నీళ్లు గిన్నెలకు వాడొద్దు.

వాటర్‌మేకర్ అని సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే మిషన్ దొరుకుతుంది. ఇంట్లో ఆర్వో లాంటిదే కానీ దాదాపు 800 పీఎస్ఐ ఒత్తిడి మీద నడుస్తుంది. ఉంటే హాయి. కాకపోతే నూనె తేలే రేవుల్లో నడిపితే లోపలి వడపోత పొర పాడవుతుంది, క్లోరిన్ తగిలినా పాడవుతుంది, వారం పైన వాడకపోతే మంచినీళ్లతో కడిగి పెట్టాలి. మిషన్ ఉంది కదా అని లెక్క మానేసిన కుటుంబం, అది ఆగిన రోజు మాకన్నా ఎక్కువ ఇబ్బంది పడటం చూశాను. వాన పడితే ఎండ కోసం కట్టుకున్న పరదా మధ్యలో గొట్టం పెట్టి పట్టుకోండి, మొదటి పది నిమిషాల నీళ్లు వదిలేయండి, పరదా మీది ఉప్పు, దుమ్ము పోతాయి.

వంట

పడవ గ్యాస్ పొయ్యి ఊయలలా వేలాడుతుంది, పడవ ఒరిగినా గిన్నె నిటారుగా ఉంటుంది. ప్రమాదం పొయ్యితో కాదు, గ్యాస్‌తో. ఎల్పీజీ గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపు తెరిస్తే ఎంతో కొంత పోతుంది, పడవలో ఆ దారి లేదు, కిందికి దిగి బిల్జ్‌లో మడుగులా నిలిచి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకే సిలిండరు బయట, అడుగున బయటికి రంధ్రం ఉన్న పెట్టెలో పెడతారు. వంట అయిన ప్రతిసారీ సిలిండరు దగ్గరే వాల్వు మూసేయండి. గ్యాస్ పసిగట్టే అలారం నేలకు దగ్గరగా బిగించండి. ఈ రెండూ లేని పడవలో పిల్లలను పడుకోబెట్టకండి.

పడవ నడుస్తున్నప్పుడు వంటకు ప్రెషర్ కుక్కరే, మూత బిగించి ఉంటుంది కాబట్టి బోర్లా పడినా మెతుకు రాలదు. సముద్రం ఎగుడుదిగుడుగా ఉంటే నూనెలో వేయించే పని పెట్టుకోవద్దు. వంట చేసేవాళ్లు ఎంత ఉక్కగా ఉన్నా రెయిన్‌కోటు ప్యాంటు వేసుకోవాలి, మరిగే పప్పుచారు తొడల మీద పడితే సముద్రం మధ్యలో ఎవరూ ఏమీ చేయలేరు. అసలు పొయ్యి ముట్టించకుండా గడిచే రోజుకు మన పచ్చిపులుసును మించింది లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర, కాస్త నువ్వుల పొడి. పొద్దున వండిన అన్నం, పచ్చిపులుసు, పక్కన సకినం. కడుపులో తిప్పుతున్న రోజు కూడా పిల్లలు అది తిన్నారు.

సరుకుల్లో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, అట్టపెట్టెలు పడవలోకి రానివ్వొద్దు. మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి, ఒకసారి వచ్చాయంటే పోవు. అన్నీ రేవు మీదే విప్పి, డబ్బాల్లోకి మార్చి తేవాలి. గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టనివి అడిగి కొనండి, రెండు రోజులకోసారి తిప్పి పెడితే వారాల తరబడి ఉంటాయి. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డు బయట అన్ని రోజులు ఆగదు. క్యాబేజీ, గుమ్మడికాయ, నిమ్మకాయలు బాగా ఆగుతాయి, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ పక్కపక్కన పెట్టొద్దు. ఉప్పుగాలికి పొడులన్నీ గడ్డకడతాయి కాబట్టి కారం, నువ్వుల పొడి, కరివేపాకు పొడి పావుకిలో ప్యాకెట్లుగా గాలి తీసి సీల్ చేయించుకుపోండి. మేం మా వరంగల్ చపాటా మిర్చి కారం పట్టించుకుపోయాం. ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువ, అందుకే పక్క పడవల విదేశీ పిల్లలు కూడా మా దగ్గర తినగలిగారు. దానికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు మా ఇంట్లో నిజంగా పండుగ చేసుకున్నాం. అయిపోతే పెనాంగ్‌లో జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాకు వెళ్లండి, తమిళుల కొట్లలో కందిపప్పు, చింతపండు, పచ్చి కరివేపాకు అన్నీ ఉంటాయి. మలేషియాలో తరాల కిందట వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు, పెరాక్ వైపు ఎక్కువ. మార్కెట్లో మా మాటలు విని ఒక పెద్దావిడ వచ్చి, మీది ఏ ఊరమ్మా అని తెలుగులో అడిగినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

పిల్లలు నీళ్లలో పడకుండా

పడవ అంచు చుట్టూ ఉండే తీగ కంచెకు అడుగు నుంచి పైదాకా వల కట్టించండి. పడవ కదులుతుంటే, కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) దాటితే, చీకటి పడితే, ఈ మూడింట్లో ఏది జరిగినా లైఫ్ జాకెట్, దాన్ని పడవకు తగిలించే కొక్కెం తాడు. పెద్దవాళ్లకూ ఇదే నియమం, మీరు వేసుకోకుండా పిల్లలకు చెప్పలేరు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ పడవను పట్టుకునే ఉండాలి. రాత్రి కాపలాలో ఉన్నవాళ్లు రెండోవారిని లేపకుండా కాక్‌పిట్ దాటి అడుగు వేయకూడదు.

ఇక పడితే ఏం చేయాలో నెలకు రెండుసార్లు ప్రాక్టీసు చేయాలి. మేం కొబ్బరికాయతో చేసేవాళ్లం. ఎవరో ఒకరు చెప్పా పెట్టకుండా కొబ్బరికాయ నీళ్లలోకి విసిరి, మనిషి పడ్డాడు అని అరుస్తారు. బాబు పని ఒక్కటే, దాని వైపు వేలు చూపిస్తూ నిలబడటం, ఏం జరిగినా కన్ను తిప్పకూడదు, చెయ్యి దించకూడదు. పాప తేలే రింగు విసిరి, జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టే బటన్ నొక్కుతుంది. మేమిద్దరం పడవ ఆపి తిప్పుతాం. మొదటిసారి చేసినప్పుడు రెండు అలలు దాటేసరికే కాయ కనబడలేదు. మనిషి తల అలల్లో కొబ్బరికాయంతే ఉంటుంది. మళ్లీ దొరికించుకోవడానికి మొదట్లో పావుగంట పట్టింది, సీజను చివరికి నాలుగు నిమిషాలకు వచ్చాం. పిల్లలకు రేడియోలో 16వ ఛానల్ మీద పడవ పేరు, ఉన్న చోటు చెప్పి సాయం అడగడం కూడా నేర్పండి, ఏడేళ్ల వాడు కూడా చేయగలడు. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే ఈపర్బ్ పరికరం కొని, పడవ పేరు మీద రిజిస్టర్ చేయించండి.

ఒళ్లు బాగుండకపోతే

కడుపులో తిప్పడం మొదటి రెండు మూడు రోజులు దాదాపు అందరికీ ఉంటుంది. బయట కూర్చుని, ఆకాశం సముద్రం కలిసే గీత చూడాలి, ఫోను, పుస్తకం ముట్టుకోకూడదు. అల్లం ముక్క, మురమురాలు, కొద్దికొద్దిగా ఓఆర్ఎస్. మాత్ర వేయాలనుకుంటే బయల్దేరే ముందే వేయాలి, వాంతి మొదలయ్యాక వేస్తే నిలవదు. పిల్లల మోతాదు మీ డాక్టరును అడిగి రాయించుకోండి.

ఎక్కువ భయపడాల్సింది చిన్న గాయాల గురించి. పగడపు రాయి గీసుకుంటే గీత చిన్నదే ఉంటుంది, కానీ ఉక్కలో, ఉప్పులో రెండు రోజుల్లో చీము పడుతుంది. వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి, మందు రాసి, ఆరనిచ్చి కట్టాలి. ఈ ఒక్క పనికి నీళ్ల లెక్క చూడొద్దు. బాబు మోకాలికి నేను ఆ రోజు ఉప్పు నీళ్లతోనే తుడిచి వదిలేశాను, తర్వాత వారం రోజులు యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. ఆ సముద్రాల్లో బాక్స్ జెల్లీఫిష్ ఉంటాయి, ఈతకు ఒళ్లంతా కప్పే పల్చటి సూటు వేయండి, కుట్టిన చోట పోయడానికి వెనిగర్ సీసా చేతికి అందేచోట పెట్టుకోండి. మడ అడవుల దగ్గర లంగరు వేస్తే సాయంత్రానికే కిటికీలకు దోమతెరలు పడాలి, డెంగీ అక్కడా ఉంది.

గాలి, తేదీలు

హన్మకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. సముద్రపు లెక్కలో 78 నాటికల్ మైళ్లు, మన పడవ గంటకు ఐదు మైళ్లు పోతుంది, అంటే దాదాపు 16 గంటలు. వేగం గురించి ఇది మనసుకు ఎక్కితే ప్లాను సరిగ్గా వేస్తారు. పిల్లలతో రోజుకు ఐదారు గంటలు మించొద్దు. లంకావి నుంచి థాయ్‌లాండ్‌లోని లిపె దీవి 30 మైళ్లు, పొద్దున ఆరింటికి బయల్దేరితే మధ్యాహ్నం లంగరు పడుతుంది, పిల్లలు సాయంత్రం ఇసుకలో ఆడుకుంటారు. అక్కడి నుంచి ఫుకెట్ దాకా దీవుల దగ్గర ఆగుతూ, అట్లా మజిలీలుగా. రాత్రి నడవాల్సి వస్తే ఇద్దరు పెద్దలు మూడేసి గంటలు వంతులు, ఇంకేం లేదు. ఆ దారిలో దీపం లేని చేపల పడవలు, వలలు చాలా ఉంటాయి కాబట్టి మేం వీలైనంతవరకు పగలే నడిచాం.

డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఈశాన్య గాలి, నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, అందుకే నీళ్లు చదునుగా ఉంటాయి. పిల్లలతో వెళ్లడానికి అదే కాలం. మే నుంచి అక్టోబరు నైరుతి, అప్పుడు మెరీనాలో కట్టేసుకుని ఉండటమో ఇంటికి రావడమో మేలు. మన బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు కాలాలు, ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు నుంచి డిసెంబరు. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపు తుఫాన్లు పుట్టడం బాగా అరుదు, లంకావి 6 డిగ్రీల పైచిలుకులో ఉంది కాబట్టే చాలామంది అక్కడ పడవలు ఉంచుతారు. మలక్కా జలసంధిలో మాత్రం ‘సుమత్రా’ అనే గాలివానలుంటాయి, ఎక్కువగా ఏప్రిల్ నుంచి నవంబరు, తెల్లవారుజామున పడమటి నుంచి వస్తాయి, నిమిషాల్లో 40 నాట్ల (గంటకు దాదాపు 74 కిలోమీటర్ల) గాలి. చీకటి పడేముందే తెరచాప కుదించి పెట్టుకోవాలి, గాలి వచ్చాక లేచి చేసే పని కాదది. పిడుగులు ఎక్కువ ఉండే చోటు అది, ఉరుములు దగ్గరైతే ఫోన్లు, చేతి జీపీఎస్ ఓవెన్‌లో పెట్టి మూసేయండి, ఇనుప పెట్టె కాబట్టి కొంత రక్ష.

లంగరు వేసేటప్పుడు లోతుకు పోటు ఎంత పెరుగుతుందో కలిపి, దానికి ఐదు రెట్లు గొలుసు వదలాలి. అక్కడ అమావాస్యకు, పున్నమికి నీరు మూడు మీటర్ల దాకా లేస్తుంది. 6 మీటర్ల లోతులో వేశారంటే 9కి లెక్క, 45 మీటర్ల గొలుసు. పగడాల మీద వేయకండి, థాయ్ జాతీయ పార్కుల్లో పడవలు కట్టుకోవడానికి నీళ్ల మీద తేలే బోయాలు పెట్టారు, అవి వాడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా తేదీకి చేరాలని పెట్టుకుని బయల్దేరకండి. విమానం టికెట్టు ఉందనో, చుట్టాలొస్తున్నారనో గాలి బాగాలేని రోజు బయల్దేరిన వాళ్లకే ఎక్కువ ప్రమాదాలు. మేం ఒకసారి అత్తమ్మకు శుక్రవారం ఫుకెట్ చేరతాం అని చెప్పాం. గాలి మారితే ఒక దీవి చాటున ఆగిపోయాం, సిగ్నల్ లేదు. శనివారం రాత్రికి హన్మకొండ ఇంట్లో పొయ్యి వెలగలేదట, ఆడబిడ్డ వాళ్లు కాజీపేట నుంచి వచ్చి కూర్చున్నారట. ఆమెను అంత టెన్షన్ పెట్టినందుకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి శుక్రవారానికీ మంగళవారానికీ మధ్య అని చెప్పడం, మంగళవారం రాత్రి దాటితేనే కంగారు పడండి అనడం. శాటిలైట్ మెసెంజర్ కొనుక్కున్నాం, రోజూ ఒక మెసేజ్. ఒక హెచ్చరిక, ఆ పరికరాన్ని, శాటిలైట్ ఫోన్‌నూ ఇంటికొచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకుని రాకండి. మన దేశంలో అనుమతి లేకుండా అవి తేవడం, వాడటం నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. పడవలోనే వదిలి రండి.

చదువు, కాగితాలు

పొద్దున 8 నుంచి 10 దాకా చదువు, నడిచే రోజు సెలవు. లెక్కలు చార్టు (సముద్రపు మ్యాపు) మీదే, ఇంత దూరం, ఇంత వేగం, ఎన్నింటికి చేరతాం. బాబు ఇనుము మునుగుతుంది కదా, అడుగున టన్నుల బరువున్న మన పడవ ఎట్లా తేలుతోంది అని అడిగితే రామప్ప గుడి ఇటుకల నుంచి మొదలుపెట్టాను. ఆ ఇటుక తేలేది నీళ్లకన్నా తేలిక కాబట్టి, పడవ తేలేది తన బరువంత నీటిని పక్కకు తోస్తుంది కాబట్టి అని బకెట్, స్టీలు గిన్నె పెట్టి చూపించాను. తెలుగు కోసం వారానికో ఉత్తరం నాయనమ్మకు, చేత్తో రాసినదే. విద్యాహక్కు చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు మధ్యలో వచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేరొచ్చు. పెద్ద పిల్లలైతే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో 14 నిండాక పదో తరగతి కట్టొచ్చు, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. పిల్లలకు చదువుకన్నా లోటయ్యేది స్నేహితులు. మీ పిల్లల వయసు వాళ్లున్న ఇంకో పడవ దొరికితే మీ దారి మార్చుకునైనా వాళ్లతో కలిసి పోండి.

మన పాస్‌పోర్టు మీద వీసా రూల్స్ పడవలో వెళ్లేవాళ్లకు వేరుగా ఉండొచ్చు, ఈ-వీసాలు చాలా వరకు కొన్ని ఎయిర్‌పోర్టులకు, రేవులకే చెల్లుతాయి. మీరు దిగే రేవు ఆ జాబితాలో ఉందో లేదో ముందే రాతపూర్వకంగా కనుక్కోండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే కాబట్టి తేదీ చూసుకోండి. ప్రతి దేశంలోనూ వచ్చినప్పుడు పసుపు జెండా ఎగరేసి, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, హార్బర్ ఆఫీసుల్లో రాయించుకోవాలి, పోయేటప్పుడు క్లియరెన్స్ కాగితం తీసుకోవాలి, అది లేకపోతే తర్వాతి దేశంలో రానివ్వరు.

పెద్దవాళ్లను పిలిస్తే

రెండో సీజనులో అత్తమ్మ పది రోజులు వచ్చింది. పెద్దవాళ్లను డింగీలో (ఒడ్డుకు పోయి రావడానికి వాడే చిన్న పడవలో) నుంచి ఎక్కించే ప్రయత్నం చేయకండి, మెరీనా చెక్క వంతెనకు పడవ కట్టి, చిన్న పీట వేసి, ఇద్దరు పట్టుకుని ఎక్కించండి. మొదటి రెండు రోజులు రేవులోనే ఉండండి, మూడో రోజు గంట సేపు తిప్పండి. టాయిలెట్ చేతి పంపు ముందే చూపించి, కాగితం కూడా అందులో వేయొద్దని చెప్పాలి. చీరకట్టుతో నిచ్చెన దిగడం ప్రమాదం, పంజాబీ డ్రెస్ రెండు జతలు కుట్టించుకు రమ్మనండి. మా అత్తమ్మ వద్దంది, తర్వాత ఆమే ఇంకో జత కావాలంది. తెచ్చేవాటిలో సకినాలు, పొడులు స్టీలు డబ్బాల్లోనే. ఆమె ఉన్నన్ని రోజులూ పొద్దున ఏడింటికి పాపతో కలిసి పుల్ల ముంచి చూసేది, మా రోజువారీ 30 లీటర్లు ఆమె వచ్చాక 26కు దిగాయి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయనివ్వలేదు.